ఎలుగుబంటి కడుపులోని పురుగులు మనకు సోకుతాయా? సరిహద్దు ఊళ్ళవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోని మన తెలుగు ఊళ్ళలో ఫాల్గుణం వచ్చిందంటే ఇప్పపువ్వు రాలడం మొదలవుతుంది. ఆ వెనకే జీడిపండు, పనస, నేరేడు వరసగా వస్తాయి. వాటి కోసం మనం ఏ కొండవాలుకు వెళ్తామో, ఎలుగుబంటి కూడా అక్కడికే వస్తుంది. పువ్వు ఏరే చోట దాని మలం కనబడగానే ఇంట్లో భయం పుడుతుంది. పశువుల ఆరోగ్యం చూసే పనిలో ఉన్నందువల్ల ఈ ప్రశ్నలు ఏటా నా దాకా వస్తుంటాయి. ఎక్కువగా అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. జబ్బు పడ్డవారు దీన్ని చదివి ఆగిపోకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

ఎలుగుబంటి కడుపులో నిజంగా పురుగులుంటాయా?

ఉంటాయి. అడవిలో తిరిగే ఏ జంతువు కడుపులోనైనా ఏదో ఒక పురుగు ఉండటం మామూలే. ఎలుగుబంట్లలో ముందుగా చెప్పుకోవలసింది బేలిసాస్కారిస్ ట్రాన్స్‌ఫ్యూగా అనే ఏలికపాము. ప్రపంచంలోని చాలా ఎలుగు జాతుల్లో ఇది కనిపించింది, మన నల్ల ఎలుగులోనూ (ఇంగ్లీషులో స్లాత్ బేర్) నమోదైంది. తెల్లగా, గుండ్రంగా, బారుగా ఉంటుంది. చూడటానికి మన పిల్లల కడుపులో పడే ఏలికపాముకు దగ్గరి చుట్టం. దీనితోపాటు కొంకిపురుగులు ఉంటాయి. గియార్డియా, క్రిప్టోస్పోరిడియం వంటి కంటికి కనిపించని ఏకకణ జీవులూ ఎలుగుబంట్ల మలంలో దొరికాయి.

మన ఎలుగుకు ఈ పురుగులు ఎలా పడతాయో దాని తిండి చూస్తే తెలుస్తుంది. దానికి పైదవడలో ముందరి రెండు పళ్ళు ఉండవు. పుట్టను గోళ్ళతో తవ్వి, మూతి లోపలికి దూర్చి, మట్టిని ఊది, ఆ సందులోంచి చెదలను చప్పుడు చేస్తూ పీల్చుకుంటుంది. ఆ పీల్పుతోనే మట్టీ కడుపులోకి పోతుంది. ఆ మట్టిలో ఏలికపాము గుడ్లుంటే అవీ లోపలికి వెళ్తాయి. బలమైన జంతువు కొద్దిపాటి పురుగులను మోసుకుంటూనే బతుకుతుంది. పిల్లల్లో మరీ ఎక్కువైతే పేగు మూసుకుపోవచ్చు.

ఆ పురుగులు మనుషులకు సోకుతాయా?

అన్నీ సోకవు. సోకగలిగినవి కూడా ఎలుగును చూసినంత మాత్రాన, అది పక్కనుంచి నడిచిపోయినంత మాత్రాన సోకవు. వాటికి దారి కావాలి. ఆ దారి మట్టి కావచ్చు, నీరు కావచ్చు, ఉడకని మాంసం కావచ్చు. దారి మూస్తే ఎలుగు కొండ మీద ఉన్నా మనకు ఇబ్బంది లేదు. దారి తెరిచి ఉంటే ఎలుగు లేని ఊళ్ళో కూడా పిల్లల కడుపులో పురుగులు పడతాయి.

ఎలుగు ఏలికపాము సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఉత్తర అమెరికాలో రకూన్ అనే చిన్న జంతువు ఉంది. దాని పేగులో ఉండే ఏలికపాము ఎలుగు పురుగుకు అదే కుటుంబంలోది. ఆ రకూన్ పురుగు గుడ్లను మట్టితో పాటు మింగిన పసిపిల్లల్లో లార్వాలు, అంటే గుడ్డులోంచి వచ్చే పిల్లపురుగులు, మెదడుకూ కంటికీ పాకి ప్రాణాల మీదికి తెచ్చిన సందర్భాలు వైద్యులు నమోదు చేశారు. ఎలుగు పురుగు గుడ్లను ప్రయోగశాలలో ఎలుకలకు ఇచ్చినప్పుడు లార్వాలు వాటి శరీరంలోనూ అలాగే తిరిగాయి. అందుకే మనుషుల విషయంలోనూ జాగ్రత్త పడమంటారు. ఈ చెడ్డపేరు రకూన్ పురుగుకు వచ్చినంతగా ఎలుగు పురుగుకు రాలేదు. కాబట్టి గుండెలు బాదుకోనక్కర్లేదు, అలాగని చేతులు కడుక్కోవడం మానకూడదు.

గుడ్డు మింగిన వెంటనే జబ్బు వస్తుందా?

తాజా మలంలోని ఏలికపాము గుడ్డు అప్పటికప్పుడు ఎవరికీ సోకదు. లోపల లార్వా తయారు కావడానికి మట్టిలో తేమ, వేడి దొరికితే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈ సంగతి చాలామందికి తలకిందులుగా తెలుసు. వేడి వేడిగా ఉన్న మలాన్ని చూసి దూరం జరుగుతారు. వాన పడి మలం కరిగిపోయి, ఆనవాలు లేని నేల మీద పిల్లలను కూర్చోబెడతారు. అసలు చూసుకోవలసింది ఆ రెండో చోటు. కొంకిపురుగు గుడ్లు మాత్రం త్వరగా పొదుగుతాయి. వారం పది రోజుల్లోనే లార్వా చర్మంలోంచి దూరే స్థితికి వస్తుంది. గియార్డియా, క్రిప్టోస్పోరిడియం అయితే మలంలోంచి బయటపడేటప్పటికే సోకడానికి సిద్ధంగా ఉంటాయి.

సూక్ష్మదర్శిని కింద ఎలుగు ఏలికపాము గుడ్డును చూస్తే అది అంతకాలం ఎలా బతుకుతుందో అర్థమవుతుంది. మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. గోధుమరంగు పైపొర పనసతొక్కలా గరుకుగా, మందంగా ఉంటుంది. ఆ పొర వల్లే బ్లీచింగ్ పౌడరు, ఫినాయిలు దాన్ని ఏమీ చేయలేవు. నీడా తేమా ఉన్న మట్టిలో ఏళ్ళ తరబడి ఉండగలదు. దానికి నిజమైన శత్రువు వేడి. మరిగే నీళ్ళు పోస్తే చస్తుంది.

ఎలుగు మలాన్ని ఎలా గుర్తుపట్టాలి?

కాలాన్ని బట్టి మారుతుంది. చెదలు, చీమలు తిన్న రోజుల్లో మట్టిరంగులో ఉండి, పుల్లతో కదిపితే చీమల తలలు, రెక్కల ముక్కలు మెరుస్తాయి. నేరేడు కాలంలో ఊదా నలుపులో, గింజలు గింజలుగానే ఉంటుంది. రేగు, తునికి పళ్ళ కాలంలోనూ అంతే, గింజలు నలగకుండా బయటకు వస్తాయి. ఇప్పపువ్వు రోజుల్లో మెత్తగా, ముదురు రంగులో, పులిసిన వాసనతో ఉంటుంది. జీడితోటల్లో పండు పిప్పి కనబడుతుంది. చుట్టుపక్కల తవ్విన పుట్ట, చెట్టు బెరడు మీద గోళ్ళ గీతలు ఉంటే అనుమానం అక్కర్లేదు. మలం మెత్తగా ఉండి ఇంకా ఆరకపోతే పురుగుల మాట పక్కన పెట్టి ముందు అక్కడి నుంచి వెనక్కు రావాలి. జంతువు దగ్గరలోనే ఉండవచ్చు.

ఇప్పచెట్టు కింద ఎలుగు మలం ఉంది. పువ్వు ఏరుకోవచ్చా?

ఒక సంతరోజున ఒక అవ్వ నన్ను ఇదే అడిగింది: "బాబూ, ఎలుగు తిన్న చెట్టు కిందది మనం తింటే ఎలుగు జబ్బు వస్తుందా?" రాదవ్వా, పువ్వులో జబ్బు లేదు, చేతికంటిన మట్టిలో ఉంటే ఉంటుంది అని చెప్పాను.

ఏరుకోవచ్చు. మలం ఉన్నచోటికి రెండు మూడు బారల దూరం వదిలి ఏరండి. మలాన్ని కాలితో తొక్కకండి, చీపురుతో ఊడ్చి చుట్టూ పరచకండి. కొందరు పువ్వు రాలేముందు చెట్టు కింద ఆకులు తగలబెడతారు. దానివల్ల పైమట్టి శుభ్రమైనట్టు కనబడుతుంది కానీ, పైపై మంట మట్టి లోపలికి చేరదు, పైగా అడవి అంటుకునే ప్రమాదం ఉంది. దానికి బదులు చెట్టు కింద పాత చీరలో, వలలో పువ్వు పడేలా కడితే నేలను తాకే పనే ఉండదు. ఏరే శ్రమ కూడా తగ్గుతుంది, పువ్వు శుభ్రంగా ఉండి సంతలో మంచి ధర పలుకుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి ఇదే.

ఏరేటప్పుడు మధ్యలో ఆ చేత్తోనే పువ్వు నోట్లో వేసుకోవడం అందరికీ అలవాటు. చిన్నపిల్లలు మరీను. ఆపవలసింది దీన్ని. సద్ది విప్పేముందు సబ్బుతో చేతులు, గోళ్ళ సందులు కడుక్కోవాలి. ఇంటికి తెచ్చిన పువ్వును ఎండలో ఆరబోస్తాం కదా, ఎర్రటి ఎండ గుడ్లను బలహీనపరుస్తుంది. కానీ ఒకరోజు ఎండను నమ్ముకుని పచ్చిగా తినకూడదు. కడిగి, ఉడకబెట్టి లేదా బాగా వేయించి తింటే భయం లేదు. బట్టీకి పోయే పువ్వు ఎలాగూ మరుగుతుంది.

చీకటితో ఒంటరిగా వెళ్ళవద్దు. ఇది పురుగుల సంగతి కాదని తెలుసు, అయినా రాయకుండా ఉండలేను. తెల్లవారుజామున చెట్టు కింద వంగి పువ్వు ఏరే మనిషీ, అదే పువ్వు కోసం తల వంచుకున్న ఎలుగూ ఎదురుపడితే జరిగే నష్టం ఏ పురుగూ చేయలేదు. వెలుతురు వచ్చాక, నలుగురుగా, మాట్లాడుకుంటూ వెళ్ళండి.

జీడిపిక్కల సంగతి?

ఎలుగు పండు తిని పిక్క వదిలేస్తుంది, లేదా పిక్క మలంలో పడుతుంది. మలంలోంచి పిక్కలు ఏరవద్దు, ఎంత ధర ఉన్నా సరే. నేలమీద విడిగా పడ్డ పిక్కలు ఏరుకోవచ్చు. కాల్చి, పెంకు తీసిన పప్పుకు పురుగుల భయం లేదు. కింద పడ్డ పండు తినాలనుకుంటే కడుక్కోవాలి.

చెలమ నీళ్ళు తాగుతాం. ఎలుగులు కూడా అక్కడే తాగుతాయి. ఫరవాలేదా?

ఫరవాలేదని చెప్పలేను. వేసవిలో గెడ్డలు ఎండినప్పుడు ఇసుకలో తీసిన చెలమకు మనుషులు, మేకలు, కుక్కలు, ఎలుగులు అందరూ వస్తారు. గియార్డియా, క్రిప్టోస్పోరిడియం వ్యాపించడానికి ఇంతకు మించిన చోటు లేదు. ఇసుకలోంచి ఊరిన నీరు తేటగా ఉంటుంది కాబట్టి మంచిదని అనుకుంటాం. ఆ జీవులు కంటికి కనబడవు, రుచి మార్చవు.

గియార్డియాలో చాలా రకాలున్నాయి, వాటిలో కొన్నే మనుషులకు అంటుతాయి. ఏ చెలమలో ఏది ఉందో చూసి చెప్పలేం గనక కాచి తాగడమే దారి. నీళ్ళు బుడబుడ మరిగాక మరో నిమిషం ఉంచి దించితే చాలు. క్లోరిన్ బిళ్ళలు బాక్టీరియాను చంపుతాయి, క్రిప్టోస్పోరిడియంను చంపవు. గుడ్డతో వడకట్టడం చెత్తను తీస్తుంది తప్ప వీటిని ఆపదు. అడవికి పోయేవారు ఇంటి నుంచి కాచిన నీళ్ళు సీసాలో తీసుకుపోవడమే నయం.

సోకితే గియార్డియాలో వారం రెండు వారాలకు పల్చటి, జిడ్డుగా, దుర్వాసనతో విరేచనాలు, కడుపుబ్బరం, త్రేన్పులు మొదలవుతాయి. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తాయి, పిల్లలు చిక్కిపోతారు. క్రిప్టోస్పోరిడియం నీళ్ళ విరేచనాలు తెస్తుంది. ఆరోగ్యవంతులకు ఒకటి రెండు వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. హెచ్ఐవీ ఉన్నవారికి, అవయవమార్పిడి మందులు వాడేవారికి, పోషణ లేని పసిబిడ్డలకు మాత్రం ప్రాణాంతకం కావచ్చు. ఏ విరేచనాలకైనా ఓఆర్ఎస్ మొదటి మందు.

మా కుక్క అడవిలో ఎలుగు మలం తింటుంది, అందులో పొర్లుతుంది. ఏం చేయాలి?

ఈ ప్రశ్న అడిగినవారికి నేను రెట్టింపు సమయం ఇస్తాను. మన ఊళ్ళలో అడవికీ ఇంటికీ మధ్య నిజమైన వంతెన కుక్క. మేకల వెంట కొండెక్కుతుంది, పుట్ట దగ్గర వాసన చూస్తుంది, సాయంత్రం వచ్చి పిల్లల పక్కన పడుకుంటుంది. ఒంటికంటిన మట్టిలో గుడ్లు తేగలదు.

అంతకన్నా పెద్ద సంగతి, కుక్కకు దాని సొంత పురుగులే చాలా ఉన్నాయి. టోక్సోకారా అనే కుక్క ఏలికపాము గుడ్లు పిల్లల నోట్లోకి పోతే లార్వాలు కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిరుగుతాయి. కంటిలోకి పోతే చూపు దెబ్బతింటుంది. కుక్క కొంకిపురుగుల్లో కొన్ని చర్మంలో దూరి, ఎర్రటి మెలికల గీతలా రోజురోజుకూ పాకుతూ విపరీతమైన దురద పెడతాయి. అంకైలోస్టోమా సీలానికమ్ అనే రకమైతే మనిషి పేగులో చేరి రక్తం పీల్చగలదు కూడా. ఇది ఆసియా దేశాల్లో బాగా వ్యాపించిన పురుగు. ఎలుగు మలం చూసి భయపడే ఇంట్లోనే కుక్కపిల్ల వాకిట్లో మలవిసర్జన చేస్తే మట్టి కప్పి వదిలేస్తారు. కాళ్ళకు చెప్పుల్లేని పిల్లలు అక్కడే ఆడుకుంటారు.

కుక్కపిల్లలకు రెండు వారాల వయసు నుంచి రెండు వారాలకొకసారి, మూడు నెలల వయసు దాకా పురుగుల మందు వేయించాలి. పెద్ద కుక్కకు మూడు నెలలకొకసారి. మోతాదు బరువును బట్టి ఉంటుంది గనక పశువైద్యశాలలో అడగండి, మనుషుల మాత్ర సగం విరిచి పెట్టకండి. అడవి నుంచి వచ్చిన కుక్కకు స్నానం చేయించి, ఆ తర్వాత మీరు చేతులు కడుక్కోండి. రేబిస్ టీకా ఎలాగూ తప్పదు.

ఎలుగు మాంసం బాగా ఉడికిస్తే తినవచ్చా?

వద్దు. మొదటి కారణం, ఎలుగు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. దాన్ని చంపడమే కాదు, మాంసం, చర్మం, గోళ్ళు, పిత్తాశయం దగ్గర పెట్టుకున్నా నేరమే. శిక్ష మూడేళ్ళ జైలుకు తక్కువ ఉండదు. అదీగాక ఈ జంతువు ప్రపంచంలోనే తగ్గిపోతోంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని ప్రమాదపు అంచున ఉన్న జాతుల్లో చేర్చింది.

రెండో కారణం ట్రైకినెల్లా. ఈ పురుగు లార్వాలు జంతువు కండల్లో గూడు కట్టుకుని ఉంటాయి. ఆ మాంసం సరిగా ఉడకకుండా తింటే పేగులో విడుదలై, పెరిగి, వాటి పిల్లలు మన కండల్లోకి చేరతాయి. మొదట విరేచనాలు, రెండు వారాల తర్వాత జ్వరం, ఒళ్ళంతా విరిగినట్టు నొప్పులు, కళ్ళ చుట్టూ వాపు. గుండె కండరానికి తగిలితే ప్రాణం పోవచ్చు. 2022లో అమెరికాలో ఒక కుటుంబ విందులో కెనడా నుంచి తెచ్చిన ఎలుగు మాంసం తిన్నారు. దాన్ని నలభై అయిదు రోజులు ఫ్రీజర్‌లో ఉంచారు, అయినా లార్వాలు చావలేదు. చలిదేశాల రకాలు గడ్డకట్టే చలిని తట్టుకుంటాయి. ఆరుగురికి జబ్బు చేసింది. వారిలో ఇద్దరు మాంసం ముట్టనే లేదు, మాంసంతో కలిపి వండిన కూరగాయలు మాత్రమే తిన్నారు.

మన ఎలుగు ప్రధానంగా చెదలు, చీమలు, పళ్ళు తింటుంది. మాంసం తినే చలిదేశపు ఎలుగులతో పోలిస్తే ట్రైకినెల్లా దానికి చేరే అవకాశం తక్కువే. కానీ మన దేశానికి ఈ పురుగు కొత్త కాదు, ఉత్తరాఖండ్‌లో సరిగా ఉడకని పందిమాంసం తిన్నవారిలో ఈ జబ్బు బయటపడింది. కాబట్టి ఈ జవాబులో ఇంట్లో పనికొచ్చే భాగం పందిమాంసం గురించినది. ముక్క మధ్యలో ఎరుపు పోయేదాకా ఉడికించాలి. ఉప్పు పట్టించి ఎండబెట్టడం, పొగపెట్టడం లార్వాలను చంపుతాయని నమ్మడానికి లేదు.

ఎలుగు కొవ్వు, పిత్తం మందుగా పనికొస్తాయంటారు?

కీళ్ళనొప్పులకు కొవ్వు రాయడం, తాయెత్తులో వెంట్రుకలు కట్టడం పాతనమ్మకాలు. వాటి కోసం ఎలుగును చంపేవారున్నారు, అమ్మేవారున్నారు. కొనకండి. కీళ్ళనొప్పికి ఆసుపత్రిలో మందు ఉంది.

ఎలుగు గీరితే, కరిస్తే పురుగులు పడతాయా?

పేగు పురుగులు గాయం ద్వారా రావు. అక్కడ భయపడవలసింది రక్తస్రావం, చీము, ధనుర్వాతం, రేబిస్. గాయాన్ని సబ్బు, పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగాలి, రక్తం ఆగకుండా కారుతుంటే ముందు గుడ్డతో గట్టిగా అదిమిపట్టాలి. పసుపు, కాఫీపొడి, ఆకుపసరు పెట్టవద్దు. 108కు ఫోను చేసి పెద్ద ఆసుపత్రికి తీసుకుపోవాలి. అడవి జంతువు కాటును అత్యంత తీవ్రమైన మూడో తరగతి గాయంగా చూస్తారు. అంటే రేబిస్ టీకాతో పాటు గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అడిగి వేయించుకోవాలి. గంజాం, గజపతి వారికి చివరికి దిక్కు బరంపురం వైద్యకళాశాల ఆసుపత్రి, అక్కడికి చేరేలోగా దారిలోని ఆసుపత్రిలో మొదటి టీకా పడటం మంచిది. అటవీశాఖకు కబురు చేసి కాగితం రాయించుకోవడం మరవద్దు, పరిహారానికి అది కావాలి.

ఏ లక్షణాలుంటే డాక్టరుకు చూపించాలి? ఏమని చెప్పాలి?

వారం దాటిన విరేచనాలు, మలంలో రక్తం, పిల్లవాడు తింటున్నా చిక్కిపోవడం, పాలిపోవడం, మట్టి తినే అలవాటు, చర్మం మీద పాకే గీత, జ్వరంతో కూడిన కండలనొప్పి, ఒక కన్ను సరిగా కనబడకపోవడం, కొత్తగా వచ్చిన మూర్ఛ. చివరిదాన్ని దయ్యం అనుకుని భూతవైద్యుడి దగ్గరకు తీసుకుపోయేవారు ఇంకా ఉన్నారు. మన దేశంలో మూర్ఛకు ఒక పెద్ద కారణం పంది బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోయి మెదడులో తిత్తులు కట్టడం. దానికి మందుంది.

డాక్టరు దగ్గర "కడుపునొప్పి" అని ఊరుకోకండి. అడవికి వెళ్తారని, చెలమ నీళ్ళు తాగారని, ఇంట్లో కుక్క ఉందని, అడవి మాంసం తిని ఉంటే అదీ దాచకుండా చెప్పండి. ఆయన పోలీసు కాదు, మీ ప్రాణం కాపాడవలసిన మనిషి. ఒడియా డాక్టరు అయితే, ఒడియా బాగా వచ్చిన బడిపిల్లనో ఆశా కార్యకర్తనో వెంట తీసుకెళ్ళండి. తడబడుతూ సగం చెప్పిన చరిత్రతో సగం వైద్యమే జరుగుతుంది. మలపరీక్ష ఒక్కసారి చేసి ఏమీ లేదంటే అనుమానం పూర్తిగా తీరినట్టు కాదు, గియార్డియా రోజూ మలంలో పడదు. వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు ఇవ్వడం సరైన పద్ధతి. రక్తపరీక్షలో ఈసినోఫిల్ అనే ఒక రకం తెల్లరక్తకణాలు పెరిగాయంటే శరీరంలో లార్వాలు తిరుగుతున్నాయేమోనని వైద్యులు ఆలోచిస్తారు.

బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర సరిపోతుందా?

2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినం కింద ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ ఇస్తారు. రెండేళ్ళు దాటినవారికి 400 మిల్లీగ్రాములు, ఏడాది నుంచి రెండేళ్ళలోపు వారికి సగం. ఆ రోజు జ్వరం లేకపోతే తప్పకుండా వేయించండి, నమిలి మింగమనండి. పిల్లల ఏలికపాములకు, కొంకిపురుగులకు బాగా పనిచేస్తుంది. పేగులో ఉండే మరో పురుగు, కొరడాపురుగుకు ఒక్క మాత్ర అంతగా పనిచేయదు. ఒక్క మాత్రతో గియార్డియా పోదు. కండల్లోకీ కంటిలోకీ చేరిన లార్వాలకు చాలారోజుల కోర్సు, వైద్యుని పర్యవేక్షణ కావాలి. గర్భం తొలి మూడు నెలల్లో ఈ మాత్ర వేసుకోకూడదు. కొండకు వెళ్ళొచ్చిన ప్రతిసారీ సొంతంగా మాత్ర కొని వేసుకోవడమూ సరికాదు.

మన నుంచి ఎలుగుకు జబ్బులు పోతాయా?

పోతాయి. ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ, అడిగితే నాకు సంతోషం. ఉగాండాలోని బ్విండీ అడవుల్లో కొండ గొరిల్లాల్లో, పక్క ఊళ్ళ మనుషుల్లో, పశువుల్లో ఒకే రకం గియార్డియా కనబడింది. మన దగ్గరా అడవి అంచున ఆరుబయట మలవిసర్జన చేస్తాం. ఊరికుక్కలు కొండ మీద తిరుగుతాయి. పెళ్ళిభోజనాల ఎంగిలాకులు, కోళ్ళ వ్యర్థాలు గెడ్డలో పారేస్తాం. ఆ వాసనకు ఎలుగు కొండ దిగి వస్తుంది. కుప్పలో కుక్కలు, పందులు, ఎలుగు ఒకేచోట తింటాయి. ఆ కుప్ప లేకుండా చేస్తే ఎలుగు ఊరివైపు రావడానికి ఒక కారణం తగ్గుతుంది, దాడులూ తగ్గుతాయి. మరుగుదొడ్డి కట్టుకుని వాడటం మన పిల్లలకు ఎంత మేలో, కొండ మీది జంతువులకూ అంత మేలు.

ఎలుగులకు పురుగుల మందు కలిపిన తిండి పెట్టవచ్చా? లేదా వాటిని తరిమేస్తే పోదా?

పెట్టకూడదు. జంతుప్రదర్శనశాలల్లో ఎలుగు బరువు తెలుసు, మలపరీక్ష చేస్తారు, మోతాదు ఇస్తారు. అడవిలో మందు ఏ జంతువు ఎంత తింటుందో తెలియదు. పైగా తిండి పెడితే మనిషి దగ్గరికి రావడం అలవాటవుతుంది.

తరిమితే సమస్య పోతుందని అనుకోవడం మరింత పొరపాటు. మన పిల్లల పొట్టల్లోని పురుగుల్లో ఎక్కువ భాగం మనిషి మలం నుంచీ కుక్కల నుంచీ వచ్చినవే. మనిషి ఏలికపాము ఆడది ఒక్కటి రోజుకు రెండు లక్షల దాకా గుడ్లు పెడుతుంది. ఎలుగు లేని పట్టణంలోనూ ఆ గుడ్లు మట్టిలో ఉంటాయి. ఎలుగు పోతే చెదలను తినేదీ, నేరేడు, రేగు, తునికి గింజలను కొండంతా చల్లేదీ పోతుంది. మనం ఏరుకునే పండు తరవాతి చెట్టు దాని మలంలోంచే మొలుస్తుంది.

అటవీ సిబ్బంది, విద్యార్థులు మలం నమూనా తీసేటప్పుడు ఏం పాటించాలి?

చేతులకు గ్లౌజులు, మూతికి మాస్కు, కాళ్ళకు బూట్లు. పొడిగా ఉన్న మలాన్ని విరిచేటప్పుడు దుమ్ము లేస్తుంది, గాలివాటుకు ఎదురుగా కూర్చోకూడదు. నేలను తాకిన అడుగుభాగం వదిలి లోపలి భాగం తీసుకోవాలి, లేకపోతే మట్టిలో స్వేచ్ఛగా బతికే పురుగులు కలిసి లెక్క తప్పుతుంది. సూక్ష్మదర్శిని పరీక్షకు పది శాతం ఫార్మలిన్, డీఎన్ఏ పరీక్షకు ఆల్కహాల్ వాడతారు. ఫార్మలిన్‌లో వేశాం గనక గుడ్లు చచ్చాయని అనుకోవద్దు, ఏలికపాము గుడ్డు అందులోనూ ఎదగగలదు. డబ్బా మీద తేదీ, చోటు, మలం తాజాదా పాతదా రాయాలి. నమూనా డబ్బాను అన్నం క్యారియరు ఉన్న సంచిలో పెట్టవద్దు. వాడిన పుల్లలు, పరికరాలు మరిగే నీళ్ళలో వేయాలి. మలం ముట్టుకునే ముందు అటవీశాఖ అనుమతి ఉండాలి.

తోటలో పిల్ల ఎలుగు ఒంటరిగా కనబడింది. ఇంటికి తెచ్చి సాకవచ్చా?

తాకకండి. తల్లి దగ్గరలోనే ఉంటుంది, పిల్లను వీపు మీద మోసుకు తిరిగే జంతువు అది, పిల్ల కోసం ఎవరి మీదికైనా వస్తుంది. పిల్ల ముద్దుగా ఉండటం నిజమే. పేగుల్లో ఏలికపాములు ఎక్కువగా ఉండేదీ ఆ వయసులోనే. ఇంట్లో పెట్టుకుంటే దాని మలం వాకిట్లో, మీ పిల్లల చేతుల్లో ఉంటుంది, అది చట్టరీత్యా నేరం కూడా. జనాన్ని దూరం పంపి, కుక్కలను కట్టేసి, ఫొటోల కోసం గుమికూడకుండా చూసి అటవీ సిబ్బందికి కబురు చేయండి. మనుషుల అలికిడి లేకపోతే తరచుగా తల్లే చీకటిపడ్డాక వచ్చి తీసుకుపోతుంది. ఎవరైనా అప్పటికే ఎత్తుకుని ఉంటే వారు చేతులూ మొహమూ సబ్బుతో కడుక్కుని, బట్టలు వేడినీళ్ళలో నానబెట్టాలి. పిల్ల కరిచినా గోళ్ళతో గీరినా అదే రోజు రేబిస్ టీకాకు వెళ్ళాలి.